ధాన్యం తూకంతో ప్రవక్తకేం పని?

ప్రశ్న: బైబిల్లోని హెబ్రీ ప్రవక్తలు జోస్యం చెప్పేవారు కదా, వారికి రాజకీయాలెందుకు?
— ఒక రైతు, మిర్యాలగూడ

జవాబు: జోస్యం వారి పనిలో ఒక పాలే. క్రీ.పూ. 8వ శతాబ్దపు ఆమోసు ప్రవక్తను చూడండి. యూదా రాజ్యంలోని తెకోవ ఊరి పశువుల కాపరి. పొరుగున ఉన్న ఇశ్రాయేలు రాజ్యానికి వెళ్లి, కొలపాత్ర చిన్నది చేసి, దొంగ త్రాసుతో తూచి, గోధుమల్లో చచ్చు ధాన్యం అమ్మే వర్తకులను నిలదీశాడు. చెప్పుల జోడు కోసం పేదలను అమ్ముతున్నారన్నాడు. తరుగు పేరిట బస్తాకు ఇన్ని కిలోలని కోయించుకునే మీకు ఇది విడమరచి చెప్పాలా? అప్పుడు రాజు రెండవ యరొబాము. రాజ్యానికి కలిసొచ్చిన కాలం. అందుకే కాబోలు, అక్కడి బేతేలు గుడి యాజకుడు (పూజారి) అమజ్యాకు ఒళ్లు మండింది. 'బేతేలు రాజుగారి గుడి, యూదాకు పోయి అక్కడ పొట్టపోసుకో' అన్నాడు. ఆమోసు జంకలేదు, తాను ప్రవక్తనూ కాదు, ప్రవక్త కొడుకునూ కాదన్నాడు, అంటే జోస్యం తన పొట్టకూటి వృత్తి కాదని. భూమి కబ్జాల సంగతి కావాలంటే నాబోతు ద్రాక్షతోట కథ చదవండి. అక్కడ ఆ తోటను కాజేసిన అహాబు రాజును నిలదీసినవాడు ఏలీయా ప్రవక్త.