బందరులో బీచ్ తప్ప ఏముంది? రెండు రోజులు అవసరమా?

శని, ఆదివారాలు హైదరాబాద్ నుంచి అమ్మగారితో బందరు, అంటే మచిలీపట్నం వెళ్దామనుకుంటున్నామనీ, తెలిసినవాళ్ళంతా ‘అక్కడ బీచ్ తప్ప ఏముంది, పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేయొచ్చు’ అంటున్నారనీ రాశారు. తప్పకుండా వెళ్ళండి, ఒక రాత్రయినా ఉండండి. కాకపోతే బీచ్ కోసమని మాత్రం వెళ్ళకండి.

నేను రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి విజయవాడలో పెళ్ళికి వచ్చి, ఆదివారం మధ్యాహ్నం కారులో నేరుగా మంగినపూడి తీరానికి వెళ్ళాం. అక్కడ నీళ్ళు మట్టిరంగులో ఉంటాయి, కాళ్ళకింద బంకమన్ను తగులుతుంది. కృష్ణ ఒండ్రు తెచ్చి పోసే తీరం కదా, అది దాని స్వభావం. విశాఖ చూసిన మా పిల్లలకి నచ్చలేదు. దారిలో పెడనలో ఆగితే కలంకారీ అద్దకం పాకలన్నీ మూసి ఉన్నాయి. బందరంటే ఇంతే కాబోలనుకుని తిరిగొచ్చేశాం. రెండేళ్ళ తర్వాత మా అమ్మ కలంకారీ చీర అడిగితే మళ్ళీ వెళ్ళి రెండు రాత్రులు ఉన్నాం. ఈసారి తీరం ఆఖరున పెట్టుకున్నాం. ఆ ఊరు మీద నాకు ప్రేమ పుట్టింది అప్పుడే.

మీకు ప్రయాణం సులువే. బీదర్ నుంచి సికింద్రాబాద్ మీదుగా వచ్చే రాత్రి బండి ఎక్కితే పొద్దున్నే బందరులో దిగుతారు. రైలు పట్టాలు అక్కడితో ఆఖరు. కారులో అయితే మీ ఊరి నుంచి విజయవాడ వచ్చే 65వ నంబరు జాతీయ రహదారే ముందుకి సాగి బందరు చేరుతుంది. గోల్కొండ సుల్తానుల కాలంలో వాళ్ళ సరుకు సముద్రం దాటింది ఈ రేవు నుంచే. బందరు అన్న మాటకి పారశీకంలో అర్థం రేవు అనే. ఆ రకంగా మీకూ ఈ ఊరికీ పాత చుట్టరికమే ఉంది.

శనివారం పొద్దున్నే పెడన వెళ్ళండి. పది కిలోమీటర్లకి అటూ ఇటూ ఉంటుంది. ఆదివారానికి వాయిదా వేయకండి, పని నడుస్తుండగా చూస్తేనే దాని విలువ తెలుస్తుంది. కలంకారీ అన్న పేరులో కలం ఉన్నా ఇక్కడి పని టేకు అచ్చులతో. కలంతో గీసేది శ్రీకాళహస్తిలో. పెడనలో బట్టని ముందు కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరబెడతారు. తుప్పు పట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి తీసిన ద్రవంతో నలుపు అద్దుతారు. కరక్కాయ పట్టిన బట్ట మీద అది పడగానే కళ్ళముందే నల్లబడుతుంది. ఎరుపు సంగతి ఇంకా వింత. ముందు పటిక నీళ్ళు అద్దుతారు, అప్పటికి ఎరుపు జాడే ఉండదు. తర్వాత పెద్ద కాగులో ఎర్ర రంగు వేసి మరగబెడితే పటిక పడ్డ చోటే రంగు పట్టుకుంటుంది. అచ్చు ఆనించి దాని వెనక పిడికిలితో ఒక్క గుద్దు గుద్దుతారు. పాకంతా ఆ చప్పుడే. మా అమ్మ బల్ల పక్కన గంటసేపు నిలబడిపోయింది.

ఇవన్నీ ఉతుకుడు మీదా ఎండ మీదా నడిచే పనులు. ముసురు రోజుల్లో వెళ్తే చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు. చీర కొనేటప్పుడు ఒకటి గమనించండి. స్క్రీన్ ప్రింటు బట్టని కూడా కలంకారీ పేరుతో అమ్ముతారు. అచ్చు పనిలో ఒక అచ్చుకీ ఇంకో అచ్చుకీ మధ్య అతుకు దగ్గర వెంట్రుకవాసి తేడా ఉంటుంది. ఆ తేడా లోపం కాదు, చేత్తో అద్దారనడానికి గుర్తు.

మధ్యాహ్నం భోజనం చేసి కాసేపు పడుకుని, ఎండ తగ్గాక ఆటో మాట్లాడుకుని ఊళ్ళో తిరగండి. ముందు పేటల పేర్లు వినండి. వలందపాలెం. వలందులంటే డచ్చివాళ్ళు. పరాసుపేట. పరాసులంటే ఫ్రెంచివాళ్ళు. ఇంకోపక్క ఇంగ్లీషుపాలెం. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వర్తక స్థావరం పెట్టేనాటికే డచ్చివాళ్ళు ఇక్కడ ఉన్నారు. ఫ్రెంచివాళ్ళ చేతిలోంచి 1759లో ఇంగ్లీషువాళ్ళు కోటని లాక్కున్నారు. వాళ్ళందరూ వెళ్ళిపోయారు, పేర్లు మాత్రం మన నోట్లో నలిగి తెలుగైపోయాయి. డచ్చి శ్మశానంలో సమాధి రాళ్ళ మీద వంశచిహ్నాలు, ఉబ్బెత్తు అక్షరాలు చెక్కి ఉన్నాయి. మేం వెళ్ళినప్పుడు గేటుకి తాళం ఉంది. పక్క ఇంట్లో అడిగితే తాళాలున్న మనిషిని పిలిపించారు. ఓపిగ్గా అడగండి.

బందరు కోట అంటే రాజస్థాన్ కోటల్లాంటిది ఊహించుకోకండి. మొండిగోడలు, పిచ్చిమొక్కలు, అంతే. అయినా వెళ్ళండి. 1864 నవంబరు 1 రాత్రి తుపానుకి సముద్రం ఊరి మీదకి వచ్చింది. ముప్పై వేల మంది దాకా పోయారని లెక్క. ఆ సంగతి తెలిసి అక్కడ నిలబడితే, ఇంత పేరున్న రేవు ఇంత నిశ్శబ్దంగా ఎందుకుందో ఎవరూ చెప్పక్కర్లేదు. నాకు గొంతు పట్టేసింది.

రెండో రోజు పొద్దున అమ్మగారిని చిలకలపూడి పాండురంగస్వామి గుడికి తీసుకెళ్ళండి. భక్త నరసింహం గారు 1929లో కట్టించారు. రోల్డు గోల్డు నగలకి పేరుపడ్డ చిలకలపూడి ఇదే, కాబట్టి గుడి తర్వాత ఇంకో గంట అటే పోతుంది. భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టింది ఈ ఊళ్ళోనే. పింగళి వెంకయ్య గారు ఇక్కడి జాతీయ కళాశాలలో పనిచేశారు. కారు ఉంటే మొవ్వ వైపు వెళ్ళి ఆయన పుట్టిన భట్లపెనుమర్రు, కూచిపూడి కూడా చూడొచ్చు. రెండు రోజుల్లో అన్నీ కుక్కితే మాత్రం అమ్మగారు అలిసిపోతారు. నేనైతే కూచిపూడి ఇంకోసారికి వదిలేస్తాను.

మంగినపూడికి సాయంత్రం ఐదు దాటాక వెళ్ళండి. చాలా దూరం వరకూ లోతు ఉండదు, అలలు మెత్తగా వస్తాయి. మా అమ్మ విశాఖలో నీళ్ళలోకి దిగనే లేదు, ఇక్కడ మోకాళ్ళ దాకా వెళ్ళింది. కార్తీక పౌర్ణమి స్నానాలకి జనం విపరీతంగా వస్తారు, ఆ రోజు మినహాయించుకోండి. అసలు అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. సంక్రాంతి దాటాక ఫిబ్రవరి దాకా హాయి.

బందరు లడ్డూలు బండెక్కే ముందు కొనండి. శనగపిండి పూసని వేయించి, దంచి, జల్లించి, పాకం పట్టి నెయ్యితో మళ్ళీ దంచుతారు. తొక్కుడు లడ్డూ అనే పేరు అందుకే వచ్చింది. నల్ల హల్వా ముందు కొంచెం రుచి చూసి, నచ్చితేనే తీసుకోండి. మా ఇంట్లో లడ్డూలు రెండో రోజుకే అయిపోయాయి.