పటం 7 కాదు మాస్టారూ, 7వ పటం

ప్రశ్న: బాబూ, నేను రిటైరైన టీచర్ని. నౌపడ నుంచి మా ఊరికి నడిచిన చిన్న రైలు మీద పుస్తకం రాస్తున్నాను. 41 ఫొటోలున్నాయి. ఎమ్మెస్ వర్డ్‌లో ఒక్కో ఫొటో కింద క్యాప్షన్ పెడితే ఇంగ్లీషులో 'ఫిగర్ 1', 'ఫిగర్ 2' అని వస్తోంది. వ్యాసంలో 'ఫలానా ఫొటో చూడండి' అని క్రాస్ రిఫరెన్స్ ఇచ్చిన ప్రతిచోటా 'ఫిగర్' కొట్టేసి 'పటం' అని టైపు చేసుకున్నాను. రెండు రోజులు పట్టింది. నిన్న ప్రింట్ తీస్తే అన్నీ మళ్లీ ఫిగర్లయి కూర్చున్నాయి. ఏం చెయ్యాలి?
— ఒక పాఠకుడు, గుణుపురం, రాయగడ జిల్లా

జవాబు: మాస్టారూ, మీరు అద్దంలో కనిపించే నుదుటికి బొట్టు పెట్టారు. వ్యాసంలో కనిపించే ఆ 'ఫిగర్ 7' మీరు టైపు చేసిన మాట కాదు. ఫొటో కింద క్యాప్షన్లో ఏముందో అది ఇక్కడ కనిపిస్తోంది, అంతే. దాన్ని ఫీల్డ్ అంటారు. ఎఫ్9 నొక్కినా, ఆప్షన్స్‌లో 'అప్‌డేట్ ఫీల్డ్స్ బిఫోర్ ప్రింటింగ్' దగ్గర టిక్ ఉండి ప్రింట్ ఇచ్చినా, వర్డ్ మళ్లీ క్యాప్షన్ దగ్గరికెళ్లి అక్కడి మాట తెచ్చి పెడుతుంది. మీ రెండు రోజుల కష్టం అలా పోయింది. మార్చాల్సింది క్యాప్షన్ని.

మామూలుగా అయితే క్యాప్షన్ పెట్టెలో 'న్యూ లేబుల్' నొక్కి 'పటం' అని ఇమ్మంటారు. ఇస్తే 'పటం 7' వస్తుంది. పర్లాకిమిడిలో నా డీటీపీ కొట్లో సగం పని ఒడియా, సగం తెలుగు. ఒడియా వాళ్లకి 'చిత్ర 7' అంటే సరిపోతుంది, ఎవరూ పేచీ పెట్టరు. తెలుగులో మాత్రం నాకు అది రుచించదు. 'పటం 7లో చూడండి' అని మనం నోటితో అంటామా? '7వ పటంలో చూడండి' అంటాం. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్లో కూర్చుని, నోట పలకని తెలుగు అచ్చు వెయ్యడానికి నాకు చెయ్యి రాదు. పైగా మీకు ఇంకో చిక్కుంది. పాతవి ఫిగర్ లేబుల్‌తో ఉండగా కొత్త ఫొటోకి పటం లేబుల్ ఇచ్చారనుకోండి, వర్డ్ దాన్ని వేరే వరసగా లెక్కపెట్టి 1 నుంచి మొదలుపెడుతుంది.

అందుకని నేను చేసే పద్ధతి చెప్తాను. రిఫరెన్సెస్ ట్యాబ్‌లో ఇన్సర్ట్ క్యాప్షన్ తెరిచి 'ఎక్స్‌క్లూడ్ లేబుల్ ఫ్రం క్యాప్షన్' అన్న చోట టిక్ పెట్టండి. అప్పుడు ఫొటో కింద ఒట్టి 7 వస్తుంది. దాని పక్కన మీరే 'వ పటం: నౌపడ స్టేషను' అని టైపు చెయ్యండి. ఇక వ్యాసంలో క్రాస్ రిఫరెన్స్ తెరిచి, 'ఇన్సర్ట్ రిఫరెన్స్ టు' కింద 'ఓన్లీ లేబుల్ అండ్ నంబర్' ఎంచుకుంటే లేబుల్ లేదు కాబట్టి అంకె ఒక్కటే దిగుతుంది. తర్వాత 'వ పటంలో' అంటారో, 'వ పటాన్ని' అంటారో మీ ఇష్టం. మన విభక్తులకి వర్డ్ అడ్డు రాదు.

ఇప్పటికే ఉన్న 41 క్యాప్షన్లలో 'ఫిగర్' అనే మాట, దాని పక్క ఖాళీ మాత్రం చెరిపి, అంకె తర్వాత 'వ పటం' చేర్చండి. తర్వాత కంట్రోల్ ఏ, ఎఫ్9. వ్యాసంలో అంతటా అంకెలే మిగులుతాయి. వాటి పక్కన 'వ పటం' చేర్చుకుంటూ పోవాలి, ఆ చాకిరీ తప్పదు. ముందు ఫైలు ఇంకో కాపీ తీసి పక్కన పెట్టుకోండి.

రెండు జాగ్రత్తలు. ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లో ఫీల్డ్ షేడింగ్‌ని 'ఆల్వేస్' చెయ్యండి, ఫీల్డులన్నీ బూడిద రంగులో కనిపిస్తాయి. మీరు కొట్టిన 'వ' కూడా బూడిద రంగులోకి వచ్చిందంటే అది ఫీల్డు లోపల పడ్డట్టే. ఈసారి ఎఫ్9 నొక్కగానే మాయం.

రెండోది నా అనుభవం. ఒక గుడి సావనీరులో క్యాప్షన్ నచ్చక మొత్తం లైను చెరిపి, అంకెతో సహా చేత్తో మళ్లీ టైపు చేశాను. క్రాస్ రిఫరెన్స్ వెతుక్కునే గుర్తు ఆ పాత లైనుతోపాటే పోయిందని నాకు తట్టలేదు. 14వ పేజీలో 'స్వామివారి రథం' తర్వాత లావుపాటి ఇంగ్లీషు అక్షరాల్లో 'ఎర్రర్! రిఫరెన్స్ సోర్స్ నాట్ ఫౌండ్' అని అచ్చయింది. కమిటీ పెద్దాయన అది స్పాన్సర్ పేరేమో అనుకున్నారు! అంకెను మాత్రం ముట్టుకోకండి మాస్టారూ.

అన్నట్టు, వర్డ్ బదులు లిబ్రే ఆఫీస్ రైటర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి ఈ తిప్పలు లేవు. అక్కడ క్యాప్షన్ ఆప్షన్స్‌లో 'నంబరింగ్ ఫస్ట్' అని ఉంది. హంగేరియన్లు మనలాగే అంకె ముందు రాస్తారు, వాళ్లకి పనికొచ్చేదే. అది ఎంచుకుని, కేటగిరీ గడిలో 'పటం' అనీ, నంబరింగ్ సెపరేటర్ గడిలో 'వ' కొట్టి ఒక స్పేసూ ఇస్తే '7వ పటం' దానంతటదే వస్తుంది.

చిన్న రైలు 1900లో నౌపడ–పర్లాకిమిడి మధ్య మొదలైనప్పటి ఫొటో ఏదైనా మీ దగ్గరుంటే, దాన్ని 1వ పటం చెయ్యండి. మధ్యలో ఎక్కడ దూర్చినా మిగతా అంకెలు అవే సర్దుకుంటాయి. ఎఫ్9 మాత్రం మర్చిపోకండి.

ప్రశ్న: అన్నా, నా థీసిస్‌లో పట్టికల నంబర్లు '3-2' అని వస్తున్నాయి. గైడ్ '3.2' కావాలంటున్నారు. టెన్షన్‌గా ఉంది.
— ఒక విద్యార్థిని, బరంపురం

జవాబు: టెన్షన్ దేనికమ్మా, అరనిమిషం పని. క్యాప్షన్ పెట్టెలో నంబరింగ్ నొక్కితే 'యూజ్ సెపరేటర్' అని ఉంటుంది. అక్కడ హైఫన్ బదులు పీరియడ్ ఎంచుకో. పాతవాటికీ అది వర్తిస్తుంది. అధ్యాయాల పేర్లు హెడింగ్ 1 స్టైల్లో, ఆటోమేటిక్ నంబరుతో ఉండాలి. ఆ 3 చేత్తో టైపు చేసిందయితే వర్డ్‌కి అది కనబడదు.