43 సూర్యోదయాలు

అమ్మలూ,

నువ్వు వాట్సాప్‌లో పంపినవన్నీ చూసా. మొత్తం 61 ఫొటోలు, అందులో 43 ఆర్కే బీచ్ సూర్యోదయాలే. మీ అత్త పక్కన కూర్చుని చూస్తూ "ఇవన్నీ ఒక్క రోజువేనా, వేరే వేరే రోజులవా" అని అడిగింది, నాకు నవ్వొచ్చింది గానీ ఆవిడ అడిగింది కరెక్టే కదా. బాలేవని కాదే తల్లీ, బాగానే ఉన్నాయి, కానీ ఆ టైంకి బీచ్‌లో వాకింగ్‌కి వచ్చిన ప్రతీ అంకుల్ ఫోన్‌లోనూ అదే ఫొటో ఉంటది, మర్నాడు గుడ్ మార్నింగ్ మెసేజ్ కింద మాకే పంపిస్తారు.

ఏం లెన్స్ కొనాలి మావయ్యా అని అడిగావ్. లెన్స్ సంగతి తర్వాత. ముందు ఒక చెట్టు చూసుకో.

నిజంగానే చెప్తున్నా. పంచాంగం ప్రకారం ఇప్పుడింకా శిశిరమే, వసంతం ఉగాదికి గానీ రాదు. మన వైజాగ్‌లో చెట్లు మాత్రం పంచాంగం చూసుకోవు. శివరాత్రికి చలి శివ శివా అంటూ పోతుందంటారే, ఆ చలి పోయే వారం పది రోజుల్లోనే మొత్తం మారిపోద్ది. ఒక పక్క ఆకు రాలుతుంటే అదే వీధిలో ఇంకో చెట్టు చిగురేస్తుంటది. కానుగ చూడు, నిన్న దుమ్ము పట్టిన ముసలి ఆకుతో ఉందా, ఓ వారం పోయాక చూస్తే నూనె రాసినట్టు మెరిసిపోద్ది. రావి చిగురైతే రాగి చెంబు రంగులో ఉంటది, పొద్దున్న ఎండ ఆకు వెనకనుంచి పడేలా నువ్వు నిలబడ్డావంటే ఈనెలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. ఆ చిగురు రంగు నాలుగైదు రోజులకి మించి ఉండదు, తర్వాత మామూలు పచ్చే. అందుకే అంటున్నా, ఇంటికి దగ్గర్లో ఒక చెట్టు పెట్టుకో, మార్చి అయ్యేదాకా రోజూ కాకపోయినా రోజు విడిచి రోజు వెళ్ళు. కొత్త కొత్త చోట్లకి బండేసుకుని తిరిగితే పెట్రోలు అవుద్ది గానీ చూపు రాదు.

నా చెట్టు అడవివరం వైపు ఒక బూరుగ. నువ్వు చిన్నప్పుడు చూసావ్, దాని దూదితోనే మీ అమ్మమ్మ దిండ్లు కుట్టేది. ఇప్పుడు దానికి ఒక్క ఆకు లేదు, కొమ్మలన్నీ బోడిగా ఉండి వాటి నిండా ఎర్ర పూలు, ఒక్కోటి నా అరచెయ్యంత. మొదటి నాలుగు రోజులు నేనూ అందరిలాగే కింద నిలబడి పైకి తీసా, వెనకాల తెల్లటి ఆకాశం, పూలన్నీ నల్ల మచ్చల్లా వచ్చాయ్. ఐదోరోజు మెడ నొప్పెట్టి కింద కూర్చుండిపోయా. అప్పుడు పక్కనే టప్‌మని ఒక పువ్వు పడింది. బూరుగ పువ్వు రేకు రేకుగా రాలదు, మొత్తం పువ్వు ఒక్కసారే పడుద్ది, లోపల నీళ్ళున్న కాయ పడ్డట్టు చప్పుడొస్తది. చేత్తో పట్టుకుంటే దళసరి రేకులు, కొబ్బరి ముక్కలాగ బరువుగా ఉంటాయ్, మధ్యలో కేసరాల కుచ్చు, దాని అడుగున తేనె, ఆ తేనెలో అప్పటికే నాలుగు చీమలు. అది తీసా. తర్వాత గమనిస్తే పొద్దున్న ఆరున్నరకి కాకులు, గోరువంకలు వచ్చి పువ్వులో తలకాయ పెట్టి ఆ తేనె తాగుతున్నాయ్, బయటికి తీసేసరికి గోరువంక నుదుటి మీద పసుపు బొట్టు పెట్టినట్టు పుప్పొడి. ఏడున్నర దాటితే ఒక్కటీ ఉండదు. ఒక మేక కూడా ఉంది, రోజూ వచ్చి రాలిన పూలు తినేసి పోద్ది, నేను పదోరోజు ఆ మేకనే తీసా, పదిహేను రోజుల్లో బాగా వచ్చింది అదొక్కటే అనిపిస్తది నాకు. మొదటి రోజు వెళ్ళి వచ్చేసి ఉంటే మేక సంగతి నాకు తెలిసేదే కాదు కదా.

ఎర్ర పూల విషయంలో ఒక మాట, ఇది ఎవరూ చెప్పరు. బూరుగ గానీ మోదుగ గానీ ఎండ నేరుగా పడుతున్నప్పుడు తీస్తే ఎరుపు ముద్ద కట్టేస్తది, రేకు మీద మడతలు ఏవీ కనపడవు. అప్పుడు ఎక్స్‌పోజర్ అర స్టాప్ తగ్గించు (స్టాప్ అంటే వెలుగు కొలత, ఒకటి తగ్గిస్తే వెలుగు సగమవుద్ది), లేదా కాస్త మబ్బు వచ్చేదాకా ఆగు. అదే పువ్వు వెనకాల తెల్ల ఆకాశం ఉంటే ఉల్టా, ఒక స్టాప్ పెంచాలి, లేకపోతే నా మొదటి నాలుగు రోజుల ఫొటోల్లాగే వస్తాయ్. కెమెరాకి ఏదీ తెలీదు, ముందున్నది నలుపైనా తెలుపైనా మధ్యరకం బూడిద రంగులోకి తేవాలని చూస్తది, అంతే. అలల నురగ తీసినప్పుడు మురికిగా రావడం కూడా అందుకే. మిగతా సెట్టింగులు పెద్ద గొడవేం కాదు, రా (RAW) ఫార్మాట్‌లో, అంటే కెమెరా ఏమీ మార్చకుండా దాచే ఫైల్‌గా తీసుకో, అపర్చర్ మోడ్‌లో (లెన్స్ రంధ్రం ఎంత తెరవాలో నువ్వు చెప్తే షట్టర్ కెమెరా చూసుకునేది) పెట్టుకో, పిట్టలకి షట్టర్ స్పీడు 1/1000 సెకను కంటే తగ్గకుండా చూసుకో, ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా సున్నితత్వం) పెరిగితే ఫొటోలో గింజలు వస్తాయని భయపడకు, కదిలిపోయిన ఫొటో కంటే గింజలున్న ఫొటో వెయ్యి రెట్లు నయం.

ఇక సూర్యోదయం. మానెయ్యమని కాదు, వీపు అటు పెట్టమంటున్నా. మన తూరుపు తీరంలో సూర్యుడు సముద్రంలోంచి వస్తాడు కాబట్టి ఆ మొదటి ఎండ అడ్డం లేకుండా వచ్చి ఊరి మీద పడుద్ది, ఆ పది నిమిషాలు వెనక్కి తిరిగి చూస్తే తెలుస్తది, సబ్‌మెరైన్ మ్యూజియం నల్లటి పొట్ట మీద కూడా బంగారం పూసినట్టుంటది. ఫిబ్రవరి మధ్యలో ఆరుంపావు దాటాక వస్తాడు, మార్చి ఆఖరికి ఆరు కాకముందే వచ్చేస్తాడు, అలారం దానికి తగ్గట్టు జరుపుకుంటూ ఉండు. ఎనిమిదిన్నర తర్వాత ఆ ఎండ కొట్టేస్తది, కెమెరా బ్యాగ్‌లో పెట్టేసి టిఫిన్ చెయ్. ఇడ్లీ బండి దగ్గరకి ఏడింటికి వెళ్తే మాత్రం బండికి అవతల నిలబడు, ఎండ నీకు ఎదురుగా ఉండాలి, మూత తీసినప్పుడు లేచే ఆవిరి వెలిగిపోద్ది, ఇటునుంచి తీస్తే అసలు ఆవిరే కనపడదు. సాయంత్రం కొండల వెనక్కి పొద్దు తొందరగా వాలిపోద్ది కదా, బీచ్ మొత్తం నీడే, చాలామంది అప్పుడు లైట్ లేదని కెమెరా మూసేస్తారు. మురీ మిక్చర్ కలిపేవాళ్ళ మొహాలు తియ్యాలంటే ఆ మెత్తటి వెలుగే కావాలి.

మనుషుల్ని తియ్యడం గురించి నాకు జరిగింది చెప్తా, నవ్వుకోకు. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు, మా నాన్న దగ్గర ఆగ్ఫా క్లిక్ త్రీ అని ఒక ఫిల్మ్ కెమెరా ఉండేది, రోలుకి 12 ఫొటోలే, కాబట్టి ఒక్కోటి చాలా ఆలోచించి తీసేవాణ్ణి, ఆలోచించనిది ఒక్కటే, ఎదుటి మనిషిని అడగాలని. హార్బర్‌లో ఒకావిడ కానాగడత చేపల గంప ముందు పెట్టుకుని బేరమాడుతుంటే దగ్గరకెళ్ళి మొహం మీదే టిక్కుమనిపించా. ఆవిడ ఏమీ అనలేదు, గంప కడిగిన నీళ్ళు అలా నా వైపు కుమ్మరించింది. ఇంటికొచ్చాక మా అమ్మ రెండు రోజులు ఆ చొక్కా ఇంట్లోకి రానివ్వలేదు. ప్రింటు వచ్చాక సిగ్గుపడుతూనే తీసుకెళ్ళి ఇచ్చా. ఆవిడ చాలాసేపు చూసి, చెయ్యి చీరకి తుడుచుకుని మళ్ళీ చూసి, "మా గుంటని కూడా తియ్యి బావూ" అంది, గుంటంటే వాళ్ళమ్మాయి. ఆ తర్వాత రెండేళ్ళు హార్బర్‌లో ఆ చేపల షెడ్డులో నేను ఎక్కడ నిలబడినా ఎవరూ ఏటీ అనలేదు.

నువ్వూ అంతే చెయ్. మొదటిసారి వెళ్ళినప్పుడు కెమెరా బ్యాగ్‌లోనే ఉంచు, చేప ధర అడుగు, నిజంగా అరకేజీ కొనుక్కో. రెండోసారికి వాళ్ళే అడుగుతారు. తీసిన ఫొటో స్క్రీన్ మీద చూపించేసి వచ్చేయకు, ప్రింటు ఇవ్వు. వద్దంటే వద్దే, తీసింది ఉంటే వాళ్ళ ఎదురుగానే డిలీట్ చేసెయ్. పిల్లల్ని అయితే అమ్మనో నాన్ననో అడగకుండా ముట్టుకోకు. హార్బర్‌కి వెళ్ళాలంటే ఏప్రిల్ 15 లోపు వెళ్ళు, ఆరోజు నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట బంద్, వేలం హడావుడి ఏమీ ఉండదు. ఉండదు గానీ అప్పుడు కూడా పనికొచ్చేవి ఉంటాయ్, బోట్లన్నీ వరసకట్టి ఉంటాయ్, రంగులేసేవాళ్ళు, నీడన కూర్చుని వలలు బాగుచేసే ముసలాళ్ళు. అది వేరే కథ.

ఒకటి మాత్రం సీరియస్‌గా విను. మనది నేవీ ఊరు. డాక్‌యార్డు వైపు, ఫొటోలు నిషేధం అని బోర్డున్న ఎక్కడైనా సరే కెమెరా పైకెత్తకు, ఓడ ఎంత అందంగా కనపడినా సరే. మీ ఫ్రెండెవరో డ్రోన్ తెస్తానన్నాడన్నావ్, పర్మిషన్ లేకుండా అది ఎగరేస్తే పోలీస్ స్టేషన్‌కి నేను రాను, మీ నాన్నకే చెప్పుకో.

ఎర్రమట్టి దిబ్బలకి వెళ్తే సాయంత్రం వెళ్ళు, అడ్డంగా పడే ఎండలో ఆ మట్టి గాడులన్నీ లోతుగా కనపడతాయ్, మధ్యాహ్నం చూస్తే ఒట్టి ఎర్ర గోడ. అక్కడ జీడిమామిడి కూడా ఈ రోజుల్లోనే పూతమీద ఉంటది. గట్లెక్కి తొక్కకు, ఆ మట్టి చాలా మెత్తన, ఇట్టే జారిపోద్ది, ఒకసారి విరిగింది మళ్ళీ అతకదు.

సముద్రం పక్కన ఉండేవాళ్ళకి కెమెరా కొనడం కన్నా కాపాడుకోవడం కష్టం. నా పాత లెన్స్ ఒకటి వానాకాలమంతా తోలు బ్యాగ్‌లో ఉంచేసా, దసరాకి తీసి చూస్తే లోపల సాలెగూడులాగ ఫంగస్. ఎవర్ననాలి, నా బద్ధకమే. అప్పట్నుంచి గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి పెడుతున్నా, నీలం రంగుది తీసుకో, చెమ్మ పీల్చితే గులాబీ రంగుకి మారుద్ది, అప్పుడు ఆరబెట్టి మళ్ళీ వాడుకోవచ్చు. వంటింటి బాణలిలో మాత్రం వేయించకు, ఆ నీలం రంగుది తిండి గిన్నెల్లో పెట్టకూడదు, నేను పెట్టా, మీ అత్త ఆ బాణలి తీసుకెళ్ళి బయట పడేసింది, ఇప్పటికీ దెప్పుతుంది. లెన్స్ మీద సముద్రం తుంపర పడితే పొడి గుడ్డతో రుద్దకు, ఉప్పు గీతలు పెడుద్ది, గుడ్డ కొంచెం తడిపి అద్ది తియ్. ఏసీ గదిలోంచి నేరుగా బీచ్‌కి తెస్తే అద్దం మీద ఆవిరి పట్టేస్తది, బ్యాగ్ జిప్ తియ్యకుండా ఓ అరగంట బయట ఉంచు. నీ 43లో మొదటి ఆరు మసగ్గా ఉన్నాయే, మంచు అనుకున్నావేమో, అదిదే.

లెన్స్ అడిగావ్ కదా. ఏమీ కొనకు. కెమెరాతో వచ్చింది చాలు, మరీ మనసు పీకితే 50 ఎంఎం ఒకటి ఉంది నా దగ్గర, తీసుకుపో, ఫంగస్ పట్టింది అది కాదులే.

ఆదివారం అడవివరం వస్తావా? ఐదున్నరకల్లా మా గేటు దగ్గరుండు. బూరుగకి పై కొమ్మల్లో ఇంకా మొగ్గలున్నాయ్, ఓ పది రోజులు పూస్తది. మేక ఏడింటికి వస్తది. బ్యాటరీ ఛార్జింగ్ పెట్టుకుని రా, పోయినసారిలాగ నా దాని మీద పడకు.

మావయ్య