తక్కువ మైళ్ల ఎల్డొరాడో కొనబోతున్న మేనల్లుడికి

చిరంజీవి శ్రీధర్‌కు,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన ప్రకటన, ఫొటోలు అన్నీ చూశాను. 1976 క్యాడిలాక్ ఎల్డొరాడో కన్వర్టిబుల్ (పైకప్పు మడిచి తెరిచే కారు), తెలుపు రంగు, పదకొండు వేల మైళ్లు, మొదటి నుంచీ ఒకే కుటుంబం దగ్గర ఉంది. 'ఇంత అరుదైన కారు మళ్లీ దొరకదు' అని అమ్మే ఆయన రాశారు. కారు అందమైనదే, నీ ముచ్చట నాకు అర్థమైంది. నేను వద్దనడం లేదు. కానీ అడ్వాన్సు కట్టే ముందు ఈ ఉత్తరం పూర్తిగా చదువు. ముందుగా తెలుసుకోవలసింది ఒకటుంది. ఈ మోడల్‌లో తక్కువ మైళ్లు తిరిగిన కార్లు అరుదు కాదు.

దీనికి కారణం ఆ ఏడాదే ఉంది. 1976 నాటికి అమెరికాలో తయారవుతున్న కన్వర్టిబుల్ ఇదొక్కటే మిగిలింది. ఏసీలు వచ్చాక పైకప్పు తెరిచే కార్ల మీద జనానికి మోజు తగ్గింది. కారు బోల్తా పడినప్పుడు రక్షణ ఉండాలని ప్రభుత్వం కఠినమైన నిబంధనలు తెస్తుందన్న భయం కంపెనీలకు పట్టుకుంది. ఇదే ఆఖరి అమెరికన్ కన్వర్టిబుల్ అని క్యాడిలాక్ చాటింది. ఆ ఏడాది 14,000 కార్లు చేశారు, ఆఖరిది ఏప్రిల్ 21న డెట్రాయిట్‌లో బయటికి వచ్చింది. అసలు ధర 11,049 డాలర్లు. ముందు ముందు బంగారమవుతుందని నమ్మి అంతకంటే చాలా ఎక్కువ పెట్టి కొన్నవాళ్లున్నారు. కొన్న కారును నడపకుండా గ్యారేజీలో పెట్టి గుడ్డ కప్పేశారు. తీరా 1982లో క్రైస్లర్ కన్వర్టిబుల్‌ను మళ్లీ తెచ్చింది. 1984లో క్యాడిలాకే ఎల్డొరాడో కన్వర్టిబుల్‌ను తిరిగి అమ్మకానికి పెట్టింది. దాచుకున్నవాళ్లకు కడుపు మండింది, కొందరు కోర్టుకు కూడా వెళ్లారు. ఆ దాచిన కార్లే ఇప్పటికీ ఒక్కొక్కటిగా 'తక్కువ మైళ్లు' అన్న పేరుతో సంతకు వస్తున్నాయి. కాబట్టి ఆ అంకె చూసి పైన డబ్బు పెట్టకు. ఆ మైళ్లు నిజమని కాగితాలు చెప్పాలి, ఇన్నేళ్లూ దాన్ని ఎలా ఉంచారో కారు చెప్పాలి. నువ్వు డబ్బు పెట్టవలసింది ఈ రెండింటికే.

కాగితాలతో మొదలుపెట్టు. ఈ కారు ఓడోమీటరులో, అంటే తిరిగిన దూరం చూపే మీటరులో, మైళ్లకు ఐదు అంకెలే ఉంటాయి. 99,999 దాటగానే మళ్లీ సున్నాకు వస్తుంది. అంటే పదకొండు వేలు అన్నది లక్షా పదకొండు వేలు కూడా కావచ్చు. టైటిల్ (కారు యాజమాన్య పత్రం) మీద మైలేజీ దగ్గర 'మినహాయింపు' అని ఉంటే కంగారు పడకు, అలాగని దాన్ని సాక్ష్యంగానూ తీసుకోకు. 2010, అంతకు ముందు మోడళ్లు పదేళ్లు దాటితే మైలేజీ రాసివ్వనక్కరలేదని ఫెడరల్ నిబంధన. పాత సర్వీసు రసీదులు అడుగు. ఆయిల్ మార్చిన బిల్లు, బ్యాటరీ బిల్లు, టైర్ల బిల్లు, ఏదైనా సరే, తేదీ, మైళ్లు రెండూ రాసి ఉన్నవి ఏడెనిమిది వరుసగా పేర్చి చూస్తే కథ కలుస్తుందో లేదో తెలిసిపోతుంది. మధ్యలో పదిహేనేళ్లు ఖాళీ ఉంటే ఆ పదిహేనేళ్లూ కారు ఎక్కడుందని నేరుగా అడుగు. మొహమాటపడకు.

తర్వాత వీఐఎన్, అంటే ప్రతి కారుకూ కంపెనీ ఇచ్చే గుర్తింపు నంబరు. ఆ రోజుల్లో అందులో అక్షరాలు, అంకెలు కలిపి 13 మాత్రమే. డ్రైవరు వైపు అద్దం లోంచి డాష్‌బోర్డు మీద కనిపిస్తుంది. ఈ కారుది 6ఎల్67ఎస్6క్యూ అని మొదలవ్వాలి. 67 అంటే కన్వర్టిబుల్ బాడీ, ఎస్ అంటే 500 ఘనపు అంగుళాల ఇంజను, తర్వాతి 6 అంటే 1976, క్యూ అంటే డెట్రాయిట్. 67 ఉండవలసిన చోట 47 కనిపిస్తే అది పైకప్పు కోసి కన్వర్టిబుల్‌గా మార్చిన కూపే (గట్టి పైకప్పున్న రెండు తలుపుల కారు). అక్కడి నుంచే వెనక్కి వచ్చెయ్. టైటిల్ మీది నంబరు, డాష్‌బోర్డు మీది నంబరు అక్షరం అక్షరం సరిపోవాలి. టైటిల్ అమ్మే ఆయన పేరు మీదే ఉండాలి, దాని మీద బ్యాంకు అప్పు ఉండకూడదు.

కాగితాలయ్యాక కారు దగ్గరికి వెళ్లు. ఉదయం పూట వెళ్లు, నువ్వు వచ్చేదాకా ఇంజను స్టార్ట్ చేయవద్దని ముందే చెప్పు. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే ఆయన ముందే వేడి చేసి ఉంచారన్నమాట, చల్లటి ఇంజను ఎలా లేస్తుందో నీకు తెలియదు. అలాగైతే మరో రోజు వస్తానని చెప్పి తిరిగి రా.

పదకొండు వేల మైళ్ల కారులో బ్రేకు పెడల్ రబ్బరు మీది గీతలు పదునుగా ఉండాలి. డ్రైవరు సీటు పక్క అంచు, అంటే ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు రాపిడి తగిలే చోటు, తోలు నలిగి మెత్తబడి ఉండకూడదు. కార్పెట్‌లో మడమ ఆనే చోట గుంట పడి ఉండకూడదు. టైర్ల పక్క గోడ మీద 'DOT' అని మొదలయ్యే డాట్ కోడ్ చదువు, తయారీ తేదీ అందులోనే ఉంటుంది. చివర మూడంకెలే ఉంటే అది 2000కు ముందు తయారైన టైరు, నాలుగుంటే ఆ తర్వాతిది. కంపెనీ నుంచి వచ్చిన టైర్లే ఇంకా ఉంటే మైళ్లకు అంతకంటే మంచి సాక్ష్యం లేదు. కానీ వాటి మీద ఒక్క మైలు కూడా నడపకు. కొత్త టైర్ల ఖర్చు ధరలోంచి తగ్గించు.

ఇప్పుడు అసలు సంగతి. తోడని బావి నీళ్లు పాడైనట్టు, నడపని కారు లోపల లోపలే చెడిపోతుంది. ఫొటోల్లో అది కనిపించదు. పెట్రోలు ట్యాంకు మూత తీసి వాసన చూడు. వార్నిష్ లాంటి పుల్లటి వాసన వస్తే ట్యాంకు, గొట్టాలు, కార్బురేటరు అన్నీ శుభ్రం చేయించాల్సిందే. ఆ ఏడాది ఎల్డొరాడోకు నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు వచ్చాయి. వెనక కాలిపర్లలోనే (డిస్కును పట్టి ఆపే భాగాల్లోనే) హ్యాండ్‌బ్రేకు యంత్రం కూడా ఉంటుంది, ఏళ్ల తరబడి కదలకపోతే అది బిగుసుకుపోతుంది. బాగుచేయడం చవక పని కాదు. హ్యాండ్‌బ్రేకు వేసి, తీసి, కారును సమతలంలో చేత్తో నెట్టి చూడు. భారీ కారే, రెండున్నర టన్నుల దాకా ఉంటుంది, అయినా ఇద్దరు నెడితే కదలాలి. ఇంజను లోపల టైమింగ్ చెయిన్ గేరుకు నైలాన్ పళ్లు ఉంటాయి. అవి వయసుతో పెళుసెక్కి విరిగి ఆయిల్ పాన్‌లో పడతాయి. మైళ్లు తక్కువైనంత మాత్రాన నైలాన్‌కు వయసు ఆగదు. అది మార్చిన రసీదు ఉంటే ఆ యజమాని కారును ప్రేమగా చూసుకున్నాడని అర్థం. లేకపోతే కొన్న నెలలోనే ఆ పని చేయించాలి.

వెనక్కి వెళ్లి బంపరుకీ బాడీకీ మధ్య ఉన్న ముక్కలను చూడు. అవి ఇనుము కాదు, మెత్తటి ప్లాస్టిక్. బంపరు దెబ్బ తిని లోపలికి జరిగినప్పుడు వంగేలా వాటిని పెట్టారు. యాభై ఏళ్లకు అవి ఎండి, చిన్న చిన్న పగుళ్లు పట్టి, వేలితో నొక్కితే పొడిపొడిగా రాలతాయి. చాలా కార్లకు ఫైబర్‌గ్లాస్ ముక్కలు వేసేస్తారు. అందులో తప్పేమీ లేదు. కానీ అసలైన ముక్కలు ఇంకా గట్టిగా ఉండి, వాటి రంగు పక్కనున్న ఇనుము రంగు కంటే కాస్త వేరుగా మాసి ఉంటే, ఆ కారు ఎండ తగలని చోట ఉందనీ, రంగు మళ్లీ వేయలేదనీ చాలా మటుకు నమ్మవచ్చు. ఫొటోల్లో నాకు ఈ భాగం ఎక్కడా కనిపించలేదు. అది దగ్గర నుంచి తీయించి పంపు.

పైకప్పును పూర్తిగా ఒకసారి దింపి, ఒకసారి ఎత్తి చూపించమను. ఈ కార్లలో పైకప్పు చట్రం కత్తెరలా లోపలికి మడుచుకుంటుంది. అందుకే వెనక సీటు అంత వెడల్పు. రెండు వైపులూ ఒకేసారి, ఒకే వేగంతో కదలాలి. ఒక వైపు ముందుకు వెళ్లి రెండో వైపు ఆగిపోతే వెంటనే ఆపమని చెప్పు. ఇంకాస్త బలవంతం చేస్తే చట్రం వంకరపోతుంది. దాన్ని సరిచేయగలిగినవాళ్లు ఇప్పుడు చాలా తక్కువ. తర్వాత వెనక సీటు కింద, డిక్కీలో కార్పెట్ ఎత్తి ఇనుము ముట్టుకుని చూడు. తడి, తుప్పు వాసన తెలిసిపోతాయి. కారు ఉన్న ఒహాయోలో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, దానితో తుప్పు పడుతుంది కాబట్టి కారును పైకెత్తే లిఫ్టు మీదకెక్కించి అడుగు భాగం చూపించమనడంలో మర్యాద తప్పేదేమీ లేదు.

ఆయన ఇది 'ఆఖరి రెండు వందలలో ఒకటి' అని కూడా అంటున్నారు కదా. ఆ 200 కార్లూ ఒకే రకం: తెల్ల బాడీ, తెల్ల పైకప్పు, ఎరుపు-నీలం సన్నగీత, తెల్ల తోలు సీట్లకు ఎర్ర అంచు, తెల్ల చక్రాల మూతలు, డాష్‌బోర్డు మీద ఒక ఫలకం. తెల్ల కారులన్నీ అవి కావు. ఫలకం ఎవరైనా తగిలించవచ్చు, గీతలు ఎవరైనా గీయించవచ్చు. బాడీ ట్యాగు (కంపెనీ బాడీకి బిగించిన చిన్న రేకు) మీది రంగు, సీట్ల కోడ్‌లు ఆ వర్ణనకు సరిపోవాలి, తొలి అమ్మకపు కాగితాలు ఉండాలి. అవి లేకపోతే మామూలు తెల్ల ఎల్డొరాడోగానే బేరమాడు. క్యాడిలాక్ అండ్ లాసాల్ క్లబ్ అని 1958 నుంచి ఉన్న సంఘం ఉంది. అందులో ఈ కార్లను ఏళ్ల తరబడి చూసినవాళ్లుంటారు. ఒకరిని వెంటబెట్టుకుని వెళ్లడం ఉత్తమం. తనిఖీకి వందల డాలర్లు ఖర్చయినా వెనకాడకు.

నా మాట అడిగావు కాబట్టి చెబుతున్నాను. నా చేతిలోనే డబ్బుంటే, పదకొండు వేల మైళ్లతో ముప్పై ఏళ్లు నిద్రపోయిన కారు కంటే, నలభై వేల మైళ్లు తిరిగి ఏటా సర్వీసు చేయించుకున్న కారునే కొంటాను. నువ్వు ఆదివారాలు భార్యాపిల్లలను ఎక్కించుకుని తిరగడానికి కొంటున్నావు కానీ గుడ్డ కప్పి చూసుకోవడానికి కాదు. అలా నడిపే మాటైతే మొదటి ఏడాది టైర్లు, బ్రేకులు, రబ్బరు గొట్టాలు, చెయిన్ గేరుకయ్యే ఖర్చు ముందే లెక్కవేసి, అడిగిన ధరలోంచి తీసేసి నీ మాట చెప్పు. కొలిక్కి రాకపోతే వదిలెయ్. 14,000 చేశారు, ఇంకొకటి వస్తుంది.

మరచిపోయాను, మీ గ్యారేజీ లోపలి పొడవు కొలువు. ఈ కారు 18 అడుగుల 8 అంగుళాలు. తలుపు మూసుకోకపోతే అన్నీ వృథా. కొన్ని గ్యారేజీలకు వెనక వాటర్ హీటరు అడ్డం ఉంటుంది.

శుక్రవారంలోగా వీఐఎన్, బాడీ ట్యాగు, వెనక ప్లాస్టిక్ ముక్కల ఫొటోలు పంపు. అవి బాగుంటే శనివారం నేనే నోవై నుంచి బయలుదేరి టొలీడోలో నిన్ను కలుస్తాను. డ్రైవ్ చేసి చూసేటప్పుడు నేను పక్క సీట్లో ఉంటాను. అక్కకు నా నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

ఇట్లు,
మీ మామయ్య