ధనుర్వాతం టీకా మీద రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

నీ వ్యాసం చదివాను. భాష హాయిగా సాగింది. కానీ "1890లో బేరింగ్, కిటసాటో ధనుర్వాతానికి టీకా కనిపెట్టారు" అని రాసి, మరుసటి వాక్యంలోనే మన పీహెచ్‌సీలో ఇదివరకు వేసిన టీటీ ఇంజక్షన్ దగ్గరికి వచ్చేశావు. 1890లో దొరికింది టీకా కాదమ్మా, సీరం, అంటే రోగాన్ని తట్టుకున్న జంతువు రక్తంలోంచి తీసిన ద్రవం. మనుషులకు టీకా వేసింది 1926లో. నువ్వు దాటేసిన ఆ 36 ఏళ్లలోనూ, వాటికి కాస్త ముందూ రాయాల్సిందంతా ఉంది.

ముందు కిటసాటో దగ్గర ఆగు. 1884లో జర్మనీలోని గోటింగెన్‌లో నికోలయర్ అనే డాక్టరు మామూలు మట్టిని జంతువుల చర్మం కింద పెట్టి ధనుర్వాతం తెప్పించాడు. క్రిమి కనిపించింది కానీ, దాన్ని మిగతా క్రిముల నుంచి విడదీయడం అతని వల్ల కాలేదు. 1889లో బెర్లిన్‌లో, క్రిముల శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ ల్యాబ్‌లో, జపాన్ నుంచి వచ్చిన కిటసాటో ఆ చిక్కు విప్పాడు. కలగాపులగంగా ఉన్న ఆ క్రిములను 80 డిగ్రీల వేడిలో పెట్టాడు. మిగతావి చచ్చాయి. ధనుర్వాతం క్రిమి మాత్రం గట్టి పొర ఉన్న బీజంగా బతికింది. దానికి ఆక్సిజన్ పడదు కాబట్టి హైడ్రోజన్ నింపిన పాత్రలో పెంచాడు. ఇంత పనిని నువ్వు "ఎంతో శ్రమించి" అని తేల్చేశావు. ఆ వేడి, ఆ పాత్ర చూపిస్తే శ్రమ సంగతి పాఠకుడికే తెలుస్తుంది. తుప్పు పట్టిన మేకు గురించి మనవాళ్లకున్న అపోహ కూడా ఇక్కడే తీర్చెయ్. తప్పు తుప్పుది కాదు, మట్టిలో, పేడలో ఏళ్ల తరబడి చావకుండా ఉండే ఆ బీజానిది.

ఇక 1890. బేరింగ్, కిటసాటో ధనుర్వాతాన్ని తట్టుకునేలా చేసిన కుందేలు రక్తం కొద్దిగా తీసి ఎలుకల పొట్టలోకి ఎక్కించారు. తర్వాత క్రిములు ఎక్కించినా ఆ ఎలుకలకు ఏమీ కాలేదు. రక్తం ఎక్కించనివి చచ్చిపోయాయి. అంటే ఒక జీవి సంపాదించుకున్న రక్షణను ఇంకొకదానికి ఇవ్వొచ్చు. కానీ అది అరువు రక్షణ, కొన్ని వారాల్లో అయిపోతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్, బెల్జియం పొలాల్లో, పేడ ఎరువు వేసిన నేల మీద గాయపడిన సైనికులకు గుర్రపు సీరమే ఇచ్చారు. చాలామంది ప్రాణాలు నిలిచాయి. కొందరికి ఒళ్లంతా దద్దుర్లు, జ్వరం, కీళ్లనొప్పులు వచ్చాయి. రెండూ రాయి.

మన దేశపు ముక్క నీ వ్యాసంలో అసలు లేదు, నాకు బాధ కలిగింది అక్కడే. 1902 అక్టోబర్ 30న అప్పటి పంజాబ్‌లోని ముల్కోవాల్ ఊళ్లో, బొంబాయి ల్యాబ్ నడిపిన శాస్త్రవేత్త హాఫ్‌కిన్ తయారుచేసిన ప్లేగు టీకా 107 మందికి వేశారు. ఒకే సీసాలోంచి వేయించుకున్న 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. విచారణలో తప్పు బొంబాయి ల్యాబ్ మీదికి నెట్టారు, హాఫ్‌కిన్ ఉద్యోగం పోయింది. ఆ రోజు సీసా మూత తీసిన ఫోర్సెప్స్ (పట్టకారు) నేల మీద పడిందని, దాన్ని సరిగా శుద్ధి చెయ్యకుండానే వాడారని తర్వాత తేలింది. మట్టిలోని బీజం సంగతి ముందే చెప్పి ఉంటే, ఈ ఒక్క వాక్యం దగ్గర పాఠకుడి గుండె ఝల్లుమంటుంది. మలేరియా శాస్త్రవేత్త రోనాల్డ్ రాస్ లాంటివాళ్లు గట్టిగా వాదించాకే, 1907లో హాఫ్‌కిన్ మీద పడిన మచ్చ పోయింది. ఆ పందొమ్మిది మందిని మాత్రం ఒక్క అంకెగా వదిలెయ్యకు. ప్లేగు నుంచి బతుకుదామని చెయ్యి చాపిన మనుషులు వాళ్లు.

చివరి మెట్టు చిన్నదే. పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో రామోన్ డిఫ్తీరియా విషానికి కొద్దిగా ఫార్మాలిన్ అనే రసాయనం కలిపి వారాల తరబడి వెచ్చగా ఉంచాడు. విషపు హాని పోయింది, శరీరానికి రక్షణ నేర్పే గుణం మాత్రం మిగిలింది. అదే పద్ధతిని 1924లో డెకోంబే ధనుర్వాతం విషం మీద చేసి చూశాడు. రెండేళ్లకు రామోన్, జోలెర్ మనుషులకు వేశారు. ఇలా హాని తీసేసిన విషమే టాక్సాయిడ్. మనం టీటీ అని పిలుచుకున్నది దీన్నే.

మొదటి పేరా తీసెయ్. ముల్కోవాల్ భాగం ముందు రాసి పంపు. మిగతాది దాన్ని బట్టి ఎక్కడ పెట్టాలో చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు