బర్సానా హోలీకి వెళ్తున్న బుజ్జికి

చి.ల.సౌ. బుజ్జికి,

గుంటూరు నుంచి పెద్దమ్మ ఆశీస్సులు. ఈసారి మీరిద్దరూ మథుర దగ్గరి బర్సానాలో ఆడవాళ్లు మగవాళ్లని కర్రలతో బాదే లఠ్‌మార్ హోలీకి వెళ్తున్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. వెళ్లొచ్చినదాన్ని కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు తిథి చూసుకో. హోలీ అంటే పున్నమే కదా అని టికెట్లు తీశారో, అసలు ఆట అయిపోయాక దిగుతారు. బర్సానాలో అది ఫాల్గుణ శుద్ధ నవమి నాడు. ఉత్తరాదివాళ్ల నెలలు పున్నమితో ముగిసినా శుక్లపక్షం వాళ్లకీ మనకీ ఒకటే, మన గోడ క్యాలెండర్ చాలు. విజయవాడలో ఎక్కితే మథురలో ఆగే ఢిల్లీ రైలు చూసుకోండి. బస మథురలోనే నయం.

బర్సానా రాధమ్మ ఊరు, నందగావ్ కృష్ణుడి ఊరు. నవమి నాడు నందగావ్ మగవాళ్లు రంగులాడటానికి వస్తే బర్సానా కోడళ్లు కర్రలు పుచ్చుకుని తరుముతారు. తలపాగా బిగించిన మగాడు మోకాళ్ల మీద వంగి, నెత్తిన డాలు అడ్డం పెట్టుకుంటాడు. మొహం నిండా ముసుగేసుకున్న ఆవిడ కర్ర రెండు చేతులా ఎత్తి ఆ డాలు మీద దబదబా బాదుతుంది. ముసుగులోంచి నవ్వు వినిపిస్తూనే ఉంటుంది! అతను మాత్రం తిరిగి కొట్టకూడదు. అది ఆ రెండూళ్ల మధ్య సరసం, మనం చూసేవాళ్లమే. అల్లుడుగారికి హుషారెక్కువ కదా, సరదాకి కూడా డాలు పట్టుకోనివ్వకు.

నన్నడిగితే కర్రలకంటే పాట గొప్ప. మధ్యాహ్నమే కొండ మీది లాడ్లీజీ గుడికి, అంటే రాధమ్మ గుడికి ఎక్కండి. రెండూళ్ల గోసాయిలు, అంటే గుడి పూజారులు, కూర్చుని అక్కడి వ్రజభాషలో ఒకరినొకరు దెప్పుకుంటూ పాడతారు. సమాజ్ గాయన్ అంటారు. మన పెళ్లిళ్లలో వియ్యపురాలిని ఆటపట్టించే పాటల్లాంటివే. భాష రాకపోయినా ఎత్తిపొడుపు గొంతులోనే తెలిసిపోతుంది. ఫొటోల కోసం కిందే కాచుక్కూర్చునేవాళ్లకి ఇదంతా దక్కదు.

అయితే పాట పూర్తయ్యేదాకా ఉండకండి. అందరూ ఒక్కసారే దిగితే మెట్ల మీద ఊపిరాడదు. 2024లో లడ్డూలు విసురుకునే లడ్డూమార్ హోలీ రోజు, అంటే నవమికి ముందు రోజు, ఆ గుడి దగ్గరే తోపులాటలో కొందరికి దెబ్బలు తగిలాయి. ముందే దిగి కర్రలాట జరిగే రంగీలీ గలీ అనే సందులో ఏదైనా మేడ మీద చోటు చూసుకోండి. డబ్బులడిగితే ఇచ్చెయ్, బేరమాడుతూ నిలబడకు. గుంపులో ఆడవాళ్ల మీద చేతులేసే వెధవలు అక్కడా ఉంటారు. పండగ కదా అని ఊరుకోకు, గట్టిగా కేకలెయ్.

తలకీ ఒంటికీ కొబ్బరినూనె పట్టించి, పాత కాటన్ బట్టలు వేసుకోండి. లెన్స్ వద్దు, కళ్లజోడు పెట్టుకో. మోదుగపూల రంగునీళ్లతో పర్వాలేదు గానీ గులాల్ పొడి కళ్లలో పడితే మంట. ఎవరు పడితే వాళ్లిచ్చే ఠండాయి పాలు తాగొద్దు, భంగు కలుపుతారు. తెల్లవారుజామున చలేస్తుంది, శాలువా పెట్టుకో. కందిపొడి సీసా నేను పంపిస్తాను.

మర్నాడు దశమికి ఆట నందగావ్‌లో. ఈసారి కర్రలు ఆ ఊరి ఆడవాళ్ల చేతిలో, డాళ్లు బర్సానావాళ్ల నెత్తిన. ఓపికుంటే అదీ చూసి, ఏకాదశికి బృందావనంలో బాంకే బిహారీ దర్శనం చేసుకుని రండి. తిరుగు టికెట్ మాత్రం ఇప్పుడే తీసుకోండి, తత్కాల్‌ని నమ్ముకోవద్దు.

మీ పెద్దమ్మ