డిస్కులు బిగించే ముందు ఒక మాట

గుంటూరు, బ్రాడీపేట

చి. అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

సూర్యారావుపేటలో మీ స్కానింగ్ సెంటర్‌కి కొత్త విండోస్ సర్వర్ వచ్చిందని, నాలుగు 8 టీబీ డిస్కులు కలిపి స్టోరేజ్ పూల్ (అన్నిటి చోటూ ఒకే రాశిగా) చేయబోతున్నావని మీ అమ్మ చెప్పింది.

నాలుగు ఎనిమిదులు 32 అని మీ డాక్టరుగారికి మాట ఇవ్వకు. కేబీ, ఎంబీ, జీబీ, టీబీ అని ఒక్కో మెట్టు ఎక్కేటప్పుడు డిస్కు కంపెనీ వెయ్యితో లెక్కగడితే విండోస్ 1024తో లెక్కగడుతుంది. అందుకే ఒక్కో డిస్కు 7.27గానే కనిపిస్తుంది. టూ-వే మిర్రర్‌లో ప్రతి ఫైలూ రెండు డిస్కుల్లో పడుతుంది కాబట్టి చేతికి మిగిలేది పద్నాలుగున్నర.

అసలు జాగ్రత్త ఫార్మాట్ దగ్గర. విండోస్ ఫైళ్లు సర్దే పద్ధతి ఎన్‌టీఎఫ్‌ఎస్, ఒక డ్రైవ్‌లో సుమారు 430 కోట్ల క్లస్టర్లనే (ఫైళ్లకి చోటిచ్చే అతి చిన్న గడులు) గుర్తుపెట్టుకోగలదు. క్లస్టర్ 4 కేబీ అయితే డ్రైవ్ 16 టీబీ దగ్గర ఆగిపోతుంది, 64 కేబీ అయితే 256 టీబీ దాకా పోతుంది. ఇప్పుడు నీ డ్రైవ్ చిన్నది కాబట్టి విండోస్ తనంతట తానే 4 కేబీ చూపిస్తుంది, నువ్వు నెక్స్ట్ నొక్కేస్తావు. రెండేళ్లకి ఇంకో నాలుగు డిస్కులు కొంటారు. పూల్ పెరుగుతుంది, డ్రైవ్ మాత్రం 16 దాటదు. ఈ తప్పు నేను చేశాను నాన్నా. డేటా అంతా వేరే సర్వర్‌కి తీసి, మళ్లీ ఫార్మాట్ చేసి, తిరిగి ఎక్కించడానికి మూడు రాత్రులు పట్టింది. ఒక్క ఫైలు పోయినా ఏం చెప్పాలన్న టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

64 కేబీ పెడితే చిన్న ఫైళ్లకి చోటు వృథా అంటారు, నిజమే. కానీ సీటీ స్కాన్‌లో ఒక్క స్లైసే, అంటే ఒక్క పొర బొమ్మే, అర ఎంబీ ఉంటుంది. మీకు ఆ నష్టం లెక్కలోకి రాదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ కంప్రెషన్ (ఫైళ్లని కుదించి దాచడం) 64 కేబీలో పనిచేయదు, అంతే.

ఇంకొకటి, థిన్ ప్రొవిజనింగ్. పూల్‌లో ఉన్నదానికంటే పెద్ద డ్రైవ్ సృష్టించనిస్తుంది. లక్ష టిక్కీలు (బస్తాలు) పట్టే కోల్డ్ స్టోరేజీలో రెండు లక్షల టిక్కీల మిర్చికి మాట ఇచ్చినట్టు. డ్రైవ్‌లో సగం ఖాళీ కనిపిస్తూనే ఉంటుంది, లోపల పూల్ నిండిపోతుంది. అప్పుడు డ్రైవ్ ఆఫ్‌లైన్‌కి పోతుంది, బయట పేషెంట్లు కూర్చుని ఉంటారు. మీ చిన్న సెంటర్‌కి ఫిక్స్‌డ్ (మొత్తం చోటు ముందే కేటాయించేది) చాలు. థిన్ పెట్టి తీరాలంటే మాత్రం రోజూ డ్రైవ్‌ని కాదు, పూల్‌ని చూడు. 70 శాతం దాటగానే డిస్కులకి ఇండెంట్ పెట్టు.

మిర్రర్ ఉంది కదా అని బ్యాకప్ మానకు. పొరపాటున చెరిపితే రెండు చోట్లా చెరిగిపోతుంది.

ఆదివారం పొద్దున బస్సుకి వస్తాను. ఫార్మాట్ అప్పటిదాకా ఆపు.

మామయ్య